ఎస్తేరు టీచరు గారి పొగడ చెట్టు

ఈ ఉదయం నడకకి వెళ్లినప్పుడు పార్కులో రాలిపడి ఉన్న పొగడపండు ఒకటి తీసి, కొంగుకి తుడుచుకుని నోట్లో వేసుకున్నాను. కొరికిన మరుక్షణం నాలుకంతా శనగపిండి పూసినట్టయింది. ముందు కాస్త తీపి, వెంటనే వగరు, గొంతు దిగేటప్పుడు మళ్లీ చిన్న తీపి. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ కంగారుగా లేచి వచ్చాడు. "మేడమ్, అయ్యి తినే పండ్లు కాదండీ. అది షో చెట్టండీ" అన్నాడు. "తినేవే" అని ఇంకొకటి తీసి, అతను చూస్తుండగానే తిన్నాను. అతను నా మొహం వంక చూస్తూ నిలబడ్డాడు, కళ్లు తిరిగి పడిపోతానేమోనని కాబోలు. నేను నడుచుకుంటూ వచ్చేశాను. ఇంటికి వచ్చాక కూడా చాలాసేపు మంచినీళ్లు తాగలేదు. ఆ వగరు పోతే ఎస్తేరు టీచరు గారు కూడా పోతారేమో అనిపించింది.

మీలో ఎవరూ ఆవిడని చూసి ఉండరు. పొట్టి మనిషి, కాస్త భారీ శరీరం, మంచి నలుపు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నేత చీరలే కట్టేవారు. ఎండైనా వానైనా చేతిలో మగవాళ్ల నల్ల గొడుగు ఉండాల్సిందే. బెజవాడలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి "తీరిక దొరకలేదండీ" అని చెప్పి, వాళ్లు నవ్వాలో ఊరుకోవాలో తేల్చుకునేలోపు గొడుగు ఊపుకుంటూ ముందుకి నడిచిపోయేవారు. డెబ్బైల మొదట్లో అదే స్కూల్లో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. గుడివాడ దగ్గర పల్లెటూరు మాది. వ్యవసాయం. నేను డిగ్రీ చదవడం నాన్నకి ఇష్టమే, ఆ తర్వాత టీచరు ట్రైనింగు చెయ్యడమూ ఇష్టమే. ఉద్యోగం చెయ్యడమే ఇష్టం లేదు. పెళ్లి కుదిరేదాకా అన్న మాట మీద ఒప్పుకున్నాడు. స్కూల్లో చేరిన రోజునే ఎస్తేరు టీచరు గారు నన్ను పక్కకి పిలిచి, "ఎక్కడుంటావు శ్యామలా?" అని అడిగారు. ఇంకా ఏమీ అనుకోలేదన్నాను. "పటమటలో మా ఇంటి వెనక గది ఖాళీగా ఉంది. వచ్చి చూసుకో. నచ్చితే ఉండు, నచ్చకపోతే మొహమాటపడకుండా వెళ్లిపో" అన్నారు.

నాన్నని వెంటబెట్టుకుని వెళ్లాను. అప్పట్లో పటమట ఊరికి శివారు. వరిచేలు పూడ్చి కొత్తగా వేసిన కాలనీ, ఇళ్ల మధ్య ఇంకా గట్లు కనిపించేవి. అన్ని ఇళ్ల ముందూ క్రోటన్లు, అశోక చెట్లు, కాగితం పూల తీగలు. ఎస్తేరు టీచరు గారి ఇంటి ముందు మాత్రం గేటు పక్కగా ఒకే ఒక్క చెట్టు, చూరుని అందుకోబోతూ నిలబడి ఉంది. ఆకులు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి, అంచులు అలల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. నాన్న రైతు కాబట్టి ముందు చెట్టునే పలకరించాడు.

"పొగడ కదండీ ఇది? ఇంటి ముందు పొగడేంటండీ? కొబ్బరి మొక్క పెట్టుకుంటే కాయన్నా వచ్చేది."

"ఇదీ కాస్తదండీ."

"ఎన్నాళ్లకి?"

"దానికి కుదిరినప్పుడు" అన్నారావిడ.

గది చూశాం. సిమెంటు గచ్చు, ఒక కిటికీ, వంటకి వేరే మూల, నుయ్యి దగ్గరే. ముందు గది గోడకి ఉన్న యేసు పటం వంక నాన్న ఒక్క చూపు చూసి గుమ్మం దగ్గరే ఆగాడు. ఆవిడ మంచినీళ్లు ఇవ్వబోతే ఇప్పుడే తాగి వచ్చామన్నాడు. బస్సు ఎక్కబోయే ముందు నాతో, "గది బాగానే ఉంది. ఆవిడా మర్యాదస్తురాలే. కాని అమ్మాయ్, ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టుకోకు. నీ వంట నువ్వు చేసుకో" అన్నాడు. సరేనన్నాను. అప్పటిదాకా నాన్న ఏది చెప్పినా నా నోటివెంట వచ్చిన మాట అదొక్కటే.

ఆ ఇంట్లో నా మొదటి వేసవి గుర్తుంది. బెజవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. వేసవిలో కాలవలు కట్టేసేవారు. కాలవ ఎండితే నూతుల్లో నీళ్లు అడుక్కి పోయేవి. నల్లరేగడి నేల చెయ్యి దూరేంత బీటలు వేసేది. చెట్టుకి చుట్టూ పళ్లెంలా పాదు చేసి, రాలిన ఆకులన్నీ అందులోనే మందంగా పరిచి, బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు, స్నానం చేసిన నీళ్లు అన్నీ దానికే పోసేవారు ఆవిడ. "ఆకులు ఊడ్చి తగలబెడతారు కాలనీలో. ఎండలో మనం తల మీద కొంగేసుకోమా? దాని కాళ్లకీ అంతే" అనేవారు. గింజ నుంచి పెంచిన చెట్టట అది. ఇంటికి పునాది తీసిన వారంలోనే గింజ నాటారట. మొలవడానికే చాలాకాలం పట్టిందట. మొలిచాక మేకలు తినకుండా తుమ్మకంప కట్టి, మొదటి ఏళ్లలో జానెడేసి మాత్రమే పెరుగుతుంటే విసుక్కోకుండా చూసుకున్నారట. ఎదురింట్లో ఉండే వెంకటరత్నం గారు కాలనీ సంఘానికి ప్రెసిడెంటు. వన్ టౌన్లో బట్టల హోల్‌సేల్ వ్యాపారం. రోజూ సాయంత్రం ఆయన గేటు దగ్గర నిలబడి ఏదో ఒకటి అనేవారు. వేళ్లు పునాదిలోకి పోతాయనేవారు. పాములు చేరతాయనేవారు. గుళ్లో ఉండాల్సిన చెట్టు ఇంటి ముందు ఏమిటనేవారు. ఆవిడ నీళ్లు పోస్తూనే, "పునాది నాదేనండీ. పామొస్తే మీ ఇంటికి పంపన్లెండి" అనేవారు. ఆవిడకి ఆ కాలనీలో స్థలం ఎలా దొరికిందో తర్వాత తెలిసింది. మొదట బేరం కుదిరినాయన ఈవిడ ఎవరో, ఏ పేటలో పుట్టిందో విని మాట వెనక్కి తీసుకున్నాడట. రెండో ఆయన డబ్బు అవసరంలో ఉండి ఏమీ అడగలేదట.

ఆ వానాకాలంలో నాకు జ్వరం వచ్చింది. స్టవ్ వెలిగించే ఓపిక లేక పొద్దుటి నుంచి అలాగే పడుకుని ఉన్నాను. స్కూలు నుంచి రాగానే ఆవిడ జావ కాచి గిన్నెతో తెచ్చి మంచం పక్కన పెట్టారు. మా నాన్న షరతు ఆవిడకి నేను చెప్పలేదు, కాని తెలుసు. తెలియనట్టు నటించే మనిషి కాదు. "తాగు. తాగనంటే తీసుకుపోతా, ఏమీ అనుకోను. కాని తాగితే మీ నాన్నగారికి చెప్పు" అన్నారు.

"చెప్తే గొడవవుతుందండీ."

"అవుతది. దొంగతనంగా తాగడానికి ఇదేమన్నా సారాయా అమ్మాయ్? జావ."

తాగాను. దసరా సెలవులకి ఊరెళ్లినప్పుడు అన్నాల దగ్గర చెప్పాను కూడా. నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. అమ్మ తల పట్టుకుంది. సెలవులయ్యాక నన్ను మళ్లీ పంపారు గాని, ఆ రోజు నుంచీ సంబంధాలు వెతకడం జోరందుకుంది.

పొగడ మొదటిసారి పూసింది ఆ తర్వాతి వేసవిలో. ఒక తెల్లవారుజామున తలుపు తీస్తే వాకిలంతా తెల్లగా, చిన్న చిన్న చక్రాల్లా పూలు. వాసన రోడ్డు మలుపు దాకా కొట్టింది. పూలు కొయ్యక్కర్లేదు, అవే రాలతాయి, వాడినా వాసన పోదు. నాలుగు రోజులు గడిచేసరికి ఎవరో పొద్దున్నే మా కంటే ముందు వచ్చి గేటు అవతల రాలినవి ఏరుకుపోతున్నారని తెలిసింది. ఎవరా అని చూస్తే వెంకటరత్నం గారి భార్య అన్నపూర్ణమ్మ గారు. ఎస్తేరు టీచరు గారు తలుపు తీయగానే ఆవిడ బెదిరిపోయి, చేతిలో పూలు కింద పోసేయబోయారు.

"దేవుడికండీ... మీకు అభ్యంతరమేమో" అన్నారు అన్నపూర్ణమ్మ గారు.

"చెట్టుకి నేను బాప్తిస్మం ఇప్పించలేదు లెండి. లోపలికొచ్చి ఏరుకోండి, రోడ్డు మీద దుమ్ము పట్టినవెందుకు?"

అన్నపూర్ణమ్మ గారికి నవ్వు ఆగలేదు. కాని లోపలికి మాత్రం రాలేదు. వెనక్కి తిరిగి తమ వరండా వంక చూసుకుని గబగబా వెళ్లిపోయారు.

పండ్లు పండడానికి మళ్లీ ఎండలు రావలసి వచ్చింది. ఆకుపచ్చ కాయలు ముదిరి పసుపెక్కి, నారింజ రంగుకి తిరిగాయి. ఒక ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చి, గొడుగు గోడకి ఆనించి, చెట్టు కింద నిలబడి ఒక పండు కోశారు. నన్ను పిలిచి పక్కన నిలబడమన్నారు. పండుని వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసి, కొరికి, కళ్లు మూసుకున్నారు. తర్వాత ఉన్నట్టుండి పగలబడి నవ్వడం మొదలుపెట్టారు. "ఓస్, ఇంతేనా! ఇదా! దీనికోసమా!" అంటూ నవ్వుతూనే మెట్టు మీద కూలబడ్డారు. ఆ నవ్వులో కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. నాకేం చెయ్యాలో తెలియక పక్కన కూర్చున్నాను.

అప్పుడు చెప్పారు. ఆవిడ తల్లి దివి తాలూకా వైపు ఒక పెద్ద రైతు ఇంట్లో వాకిలి ఊడ్చేది. ఆ వాకిట్లో పెద్ద పొగడ చెట్టు. రోజూ రాలిన పూలూ పండ్లూ ఊడ్చి పెంటకుప్పలో పోయడమే ఆమె పని. ఆరేడేళ్ల ఎస్తేరు తల్లి వెంట వెళ్లి, ఊడ్చిన కుప్పలోంచి ఒక పండు తీసుకుంది. నోటి దాకా వెళ్లనే లేదు. ఇంటావిడ చూసింది. "ఆవిడ నన్ను కొట్టలేదమ్మాయ్. ముట్టుకోదుగా, ఎట్టా కొడతది? మా అమ్మని కొట్టమంది. చేతిలో చీపురుంది కదా, దాంతోనే కొట్టమంది. మా అమ్మ కొట్టింది. చాలనేదాకా కొట్టించింది" అన్నారు. అప్పుడూ పాఠం చెప్పే గొంతే. "మా అమ్మ పోయినప్పుడు ఊరెళ్లాను. గొడుగేసుకుని, చెప్పులేసుకుని ఆ వాకిట్లోకి నడిచి, కింద పడ్డ పండ్లు కొంగులో ఏరుకున్నా. ఎవరూ ఏమీ అన్లా. టీచరునయిపోయా కదా. కాని తినాలనిపించలా. వాళ్ల చెట్టుది నాకెందుకు? గింజలు తెచ్చుకున్నా." చేతిలో మిగిలిన సగం పండు వంక చూసి మళ్లీ నవ్వారు. "ఇంత వగరు పండుకా మా అమ్మ చేత నన్ను కొట్టించింది!" గింజ ఉమ్మి, కడిగి, కిటికీలో ఆరబెట్టారు. ఆ ఏడాది నుంచీ పదో తరగతి పాసైన ప్రతి పిల్లకీ డబ్బాలో మొలకెత్తించిన పొగడ మొక్క ఒకటి చేతిలో పెట్టి పంపేవారు. "ఇంటి ముందే పెట్టు, పెరట్లో కాదు. ఎవరన్నా తియ్యమంటే నా పేరు చెప్పు" అనేవారు.

పండ్ల సంగతి కాలవగట్టు గుడిసెల్లో పిల్లలకి తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. మధ్యాహ్నాలు గోడెక్కి, కొమ్మలు పట్టుకుని, జేబులు లేని లాగూల్లో ఎక్కడ దాచుకోవాలో తెలియక అక్కడే తినేసేవారు. ఆవిడ ఒక్క మాటే అనేవారు, "కొమ్మ విరిస్తే మళ్లీ ఏడాది మీకే ఉండవురా" అని. కాలనీలో గుసగుసలు బయలుదేరాయి. ఒక ఆదివారం సంఘం సమావేశం వెంకటరత్నం గారి వరండాలో పెట్టారు. ఆవిడతో పాటు నేనూ వెళ్లాను. ఆయన చాలా మర్యాదగా మొదలుపెట్టారు.

"చెట్టు కొట్టమనట్లేదండీ టీచరు గారూ. గోడ ఒక రెండు వరసలు ఎత్తించండి, పైన గాజుపెంకులు పెట్టించండి. పిల్లలు రాకుండా ఉంటారు. న్యూసెన్సు తగ్గుద్ది."

"ఏ పిల్లలండీ?"

"అదేనండీ, పిల్లలు."

"మీ మనవలు కూడా వస్తున్నారుగా. వాళ్లా?"

"మావాళ్ల సంగతి కాదండీ."

"మరి ఏ పిల్లలో, వాళ్లెందుకు రాకూడదో పైకి చెప్పండి. ఇంతమంది ఉన్నారు, అందరూ వింటారు."

ఆయన మిగతావాళ్ల వంక చూశారు. ఒకాయన వక్కపొడి వెతుక్కున్నారు, ఇంకొకాయన గోడకున్న క్యాలెండరు చదవడం మొదలుపెట్టారు. ఎవరూ పైకి చెప్పలేదు. "సరే, గోడ సంగతి చూస్తాలెండి" అని ఆవిడ లేచారు.

మర్నాడే చూశారు. ఇద్దరు కూలీలని పిలిచి, రోడ్డు వైపు గోడ మొత్తం పడగొట్టించారు. గేటు తీయించి పాత ఇనుము వాడికి ఇచ్చేశారు. ఇటుకలతో చెట్టు చుట్టూ కూర్చోవడానికి వీలుగా అరుగు కట్టించారు. సాయంత్రానికి రోడ్డుకీ మా వాకిలికీ మధ్య ఏమీ లేదు. నేను నోరు తెరుచుకుని నిలబడితే, "గోడెక్కితే పడతారు పిల్లలు. ఇప్పుడు నడిచి రావచ్చు" అన్నారు. కాలవగట్టు పిల్లలు మొదటి రోజు రాలేదు. గోడ లేని ఇల్లు చూసి భయపడ్డారు. రెండో రోజు ఒక పిల్ల అరుగు దాకా వచ్చి, ఎవరూ ఏమీ అనకపోయేసరికి కూర్చుంది. ఆ వెనకే అందరూ వచ్చారు.

తర్వాతి ఏడాది మళ్లీ పండ్ల కాలంలో, పరీక్షల రోజుల్లో జరిగింది అసలు సంగతి. ఆ రోజు ఎస్తేరు టీచరు గారికి పరీక్ష హాల్లో డ్యూటీ. నాకు లేదు. పొద్దున్నే నాన్న వచ్చాడు. సంబంధం కుదిరిందట. ఏలూరు వైపు వాళ్లు, భూమి ఉందట, పిల్లవాడికి వంక పెట్టడానికి లేదట. ఉద్యోగం మానేస్తుందని మాట ఇచ్చేశాడట. మధ్యాహ్నం బస్సుకి బయలుదేరాలి, బట్టలు సర్దుకో అన్నాడు. నేను సర్దుకుంటున్నాను. అవును, సర్దుకుంటూనే ఉన్నాను. అప్పుడు ముందు నుంచి గొడ్డలి దెబ్బ వినిపించింది.

పరిగెత్తాను. ఒకతను చెట్టు మీద ఉన్నాడు, ఇంకొకతను కింద తాడు పట్టుకుని ఉన్నాడు. నేను చేరేలోపే రోడ్డు వైపు పెద్దకొమ్మ పండ్లతో సహా విరిగి పడింది. "ఎవరు కొట్టమన్నారు?" అని అరిచాను. అంత గొంతు నాకుందని నాకే తెలియదు.

"ప్రెసిడెంటు గారు పంపారమ్మా. కరెంటు తీగలకి అడ్డమంట" అన్నాడు కిందనున్నతను.

పైకి చూశాను. కరెంటు తీగలు రోడ్డుకి అవతలి పక్కన ఉన్నాయి. అతనూ చూశాడు. "మాదేముందమ్మా, కొట్టమంటే కొడతన్నాం" అన్నాడు. ఎదురు వరండాలో వెంకటరత్నం గారు పేపరు చదువుతున్నారు, పేజీ తిప్పకుండా. నేను లోపలికి వెళ్లి ఆవిడ పేపర్లు దిద్దుకునే చెక్క కుర్చీ ఈడ్చుకొచ్చి, మొదలుకి ఆనించి వేసి కూర్చున్నాను. "ఇంకో కొమ్మ కొడితే నా మీదే పడుద్ది. కొట్టుకోండి" అన్నాను. చీర కుచ్చిళ్లు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. దూరం నుంచి చూసేవాళ్లకి ధైర్యంగా కనిపించి ఉంటాను.

నాన్న చేతిలో నా పెట్టెతో బయటికి వచ్చాడు. "శ్యామలా, లేచి లోపలికి పద. వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. మనకెందుకు?"

"నేనుంటున్న ఇల్లు కదా నాన్నా. నాకెందుకు కాదు?"

"బస్సుకి వేళవుతోంది."

"నువ్వెళ్లు. నేను రాను. ఉద్యోగం మానను. వాళ్లకి నేనిచ్చిన మాట కాదు అది."

చెట్టు గురించి మొదలుపెట్టి ఎక్కడి దాకా వచ్చానో అన్నాక తెలిసింది. నాన్న పెట్టె అరుగు మీద నెమ్మదిగా పెట్టాడు, విసరలేదు. కండువా సర్దుకుని, వెనక్కి చూడకుండా మెయిన్ రోడ్డు వైపు నడిచాడు. ఆయన మెడ వెనక చెమట చొక్కాని తడిపేయడం కనిపించింది. పిలవాలనిపించింది. పిలవలేదు.

ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. ఎండ నడినెత్తికి వచ్చింది. చెట్టు మీదతను దిగనూ లేదు, కొట్టనూ లేదు, కొమ్మ చీలికలో కూర్చుండిపోయాడు. అప్పుడు ఎదురింటి గేటు చప్పుడైంది. అన్నపూర్ణమ్మ గారు ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో గ్లాసులు పట్టుకుని, నట్టెండలో రోడ్డు దాటి వచ్చారు. ఆయన వరండాలోంచి "ఏమేవ్" అని పిలిచారు. ఆవిడ ఆగలేదు. నాకు గ్లాసెడు మజ్జిగ ఇచ్చారు. తర్వాత తల పైకెత్తి, "దిగు నాయనా, నీకూ ఉంది. ఉప్పేసే తెచ్చా" అన్నారు. అతను దిగాడు. ఇద్దరూ మజ్జిగ తాగారు, మూతి తుడుచుకున్నారు, తాడు చుట్టుకున్నారు. ప్రెసిడెంటు గారి ఇంటి వైపు వెళ్లకుండానే అటునుంచటే వెళ్లిపోయారు.

పరీక్ష అయ్యాక ఎస్తేరు టీచరు గారు వచ్చారు. పడి ఉన్న కొమ్మని చూశారు, కుర్చీలో నన్ను చూశారు, అరుగు మీద పెట్టెని చూశారు. గొడుగు నా చేతికిచ్చి, కొమ్మని రెండు చేతులతో పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చారు. నేనూ పట్టాను. సరిగ్గా వెంకటరత్నం గారి గేటు ఎదురుగా పడేసి, స్కూలు మైదానంలో పిలిచే గొంతుతో కాలవగట్టు వైపు కేకేశారు, "రండర్రా! ఇవాళ చెట్టెక్కే పని లేదు! ప్రెసిడెంటు గారు మీకోసం కోయించారు!" పిల్లలు బిలబిలా వచ్చేశారు. వరండాలో ఆయన పేపరు మడుచుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఆ రాత్రి అన్నం ఇద్దరం కలిసే తిన్నాం. తెగిన చోట పేడ, ఎర్రమన్ను కలిపి ఆవిడ మెత్తారు. రెండేళ్లకి ఆ గాయం చుట్టూ బెరడు పెదవుల్లా మూసుకొచ్చింది. ఆ వైపు చెట్టు కొంచెం వంకరగానే ఉండిపోయింది. ఆ తర్వాత దాని జోలికి ఎవరూ రాలేదు. పూల కాలం వస్తే అన్నపూర్ణమ్మ గారు పట్టపగలే వచ్చి, అరుగు మీద కూర్చుని దండ గుచ్చుకుని వెళ్లేవారు.

నాన్న ఏడాది పైన నాతో మాట్లాడలేదు. కొత్త పంట ఇంటికొచ్చాక ఒక రోజు బియ్యం బస్తాతో రిక్షా దిగాడు. అరుగు పక్కన దించి, "ఆవిడకి కూడా ఇవ్వు" అని మాత్రం అన్నాడు. చెట్టు కింద కాసేపు కూర్చున్నాడు. ఆవిడ మంచినీళ్లు తెస్తే ఇప్పుడే తాగానన్నాడు. ఆ తర్వాత ఎన్నోసార్లు వచ్చాడు, ఆవిడతో వరి గురించి, నీళ్ల గురించి గంటలు గంటలు మాట్లాడాడు. కాని ఆ ఇంట్లో చివరిదాకా మంచినీళ్లు తాగలేదు. నాన్నంటే నాకు ప్రేమే. అయినా ఇది రాయకుండా వదిలేస్తే ఎస్తేరు టీచరు గారి గురించి రాసినట్టు కాదు.

ఆ తర్వాత పెళ్లి చేసుకున్నాను, ఉద్యోగం మానకుండా, నేను చూసుకున్న మనిషినే. ఆ ఇల్లు వదిలే రోజు ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టబోతే భుజాలు పట్టి లేపారు. దీవించమన్నాను. "దీవెనలు పాస్టరు గారి డిపార్టుమెంటు. నేనొకటి చెప్తా విను. నిన్ను తప్పుకోమనేవాళ్లు చాలామంది వస్తారు. ఒక్కోసారి తప్పుకోవాల్సీ వస్తది, తప్పులేదు. కాని ఎందుకో వాళ్ల నోటితో చెప్పించకుండా మాత్రం కదలకు" అన్నారు. రిటైరైన కొన్నేళ్లకి ఆ ఇంట్లోనే, నిద్రలోనే పోయారు. ఇల్లు బంధువులు అమ్మేశారు. చెట్టు ఒక్క పూటలో పోయింది. ఇప్పుడక్కడ మూడంతస్తుల బ్యాంకు ఉంది. వెళ్లి చూసి ఏడుస్తాననుకున్నాను. ఏడవలేదు. కోపం వచ్చింది. ఆవిడ ఉంటే ఆవిడకీ అదే వచ్చేది.

నాకు డెబ్బై దాటాయి. అపార్టుమెంట్లో ఉంటున్నాను. మొన్న మా లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించారు, పనిమనుషులు మెట్లే వాడాలని. ఆదివారం మీటింగులో లేచి నిలబడి, ఎందుకో చెప్పమన్నాను. సెక్రటరీ గారు మెయింటెనెన్సు అన్నారు. మా ఇంట్లో పనిచేసే నాగమణి బరువెంత, మీ బరువెంత అని అడిగాను. శుభ్రత అన్నారు. మన ఇళ్లు శుభ్రం చేసేది వాళ్లే కదా అన్నాను. "మీకు తెలియంది కాదు మేడమ్" అన్నారాయన. "నాకు తెలుసు. మీ నోటితో చెప్పండి, అందరూ వింటారు. అందాకా నేను కూర్చోను" అన్నాను. నడుము నొప్పి, అయినా నిలబడ్డాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మిగతావాళ్లు ఫోన్లు చూసుకున్నారు. మర్నాడు ఆ కాగితం అక్కడ లేదు. నాగమణి నాలుగో అంతస్తుకి లిఫ్టులో వచ్చి, గుమ్మంలోనే ఆగి, "ఎవరన్నా ఏమన్నా అంటారేమోనమ్మా" అంది.

"అంటే అననీ. ఎందుకని అడుగు" అన్నాను. "పైకి చెప్పమను."